తమ్ముడూ, ఆ 150 కొనకు!

మొన్న శనివారం పొద్దున్న కాఫీ కప్పు పట్టుకుని బాల్కనీలో కూచున్నానో లేదో, మా బాబాయి కొడుకు దగ్గర్నుంచి ఫోను. వాడు డాలస్ దగ్గర నాలాగే కోడు రాసుకుంటూ బతుకుతున్న జీవి. మామూలుగా వాడు ఫోను చేశాడంటే రెండే రెండు విషయాలు. ఒకటి వీసా గొడవ, రెండోది పెళ్ళి సంబంధాల గొడవ. ఈసారి రెండూ కాదు.

"అన్నయ్యా, లైసెన్సు వచ్చేసింది! మొత్తం 31 జంపులయ్యాయి. ఇక్కడొకాయన తన రిగ్గు అమ్మేస్తున్నాడు. 150 సైజు. అన్నీ కలిపి 3200 డాలర్లే. కెమెరా ఎలాగూ ఉంది నా దగ్గర. హెల్మెట్ మీద ఏ మౌంటు పెట్టాలో అదొక్కటి చెప్పు చాలు" అన్నాడు ఒక్క గుక్కలో.

నాకు కాఫీ గొంతు దిగలేదు. ఎందుకంటే వాడు ఈ విమానాల్లోంచి దూకే పనిలోకి దిగింది నా వల్లే. 2019లో నేను పెట్టిన ఒక వీడియో చూసి. ఆ వీడియోలో ఒక అబద్ధం ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. వాడికి ఫోన్లో గబగబా సగం సగం చెప్పిన సమాధానం ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఈమధ్య డ్రాప్‌జోన్లలో మనవాళ్ళు కూడా అక్కడక్కడా కనిపిస్తున్నారు కాబట్టి ఇంకెవరికైనా పనికొచ్చినా మంచిదే.

తెనాలిలో పెరిగిన నాకు పారాచూట్ అంటే చిన్నప్పట్నుంచీ తెలిసింది ఒక్కటే, నీలం రంగు కొబ్బరినూనె డబ్బా. అసలు పారాచూట్‌ని దగ్గర్నుంచి చూసింది 2017లో, కాలిఫోర్నియాలో, మా టీము వాళ్ళందరం కలిసి టాండెమ్ జంపుకి వెళ్ళినప్పుడు. టాండెమ్ అంటే ఏం లేదు, ఇన్‌స్ట్రక్టరు మనల్ని కోతిపిల్లలాగా తన పొట్టకి కట్టేసుకుని దూకుతాడు. 13 వేల అడుగుల ఎత్తు. దాదాపు నిమిషం పాటు గంటకి 190 కిలోమీటర్ల వేగంతో కిందికి పడడం. ఆ తర్వాత పారాచూట్ తెరుచుకుని ఒక్కసారిగా నిశ్శబ్దం. చెప్పొద్దూ, ఆ నిశ్శబ్దానికే పడిపోయాను నేను. మిగతా వాళ్ళు ఫోటోలు తీసుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. నేను ఆ వారంలోనే శిక్షణకి డబ్బు కట్టేశాను. అమ్మకి చెప్పలేదు. చెప్తే ఏమంటుందో నాకు తెలుసు. "ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరకుండా దంచినా అంతే కూలి, నీకెందుకురా" అంటుంది.

అమెరికాలో ఈ ఆటకి పెద్ద దిక్కు యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్. కనీసం 25 జంపులు చేసి, వాళ్ళ పరీక్షలన్నీ నెగ్గితే 'ఎ' లైసెన్సు ఇస్తారు. కనీసం 50 జంపులకి 'బి', 200కి 'సి', 500కి 'డి'. 'ఎ' లైసెన్సు వచ్చిన మర్నాడే ప్రతివాడికీ ఒక జబ్బు పట్టుకుంటుంది. సొంత రిగ్గు కొనాలి! అద్దె డబ్బులు దండగ అనిపిస్తాయి. అద్దెకిచ్చే పారాచూట్లు సర్కస్ డేరాల్లాగా పెద్దవిగా, మొద్దుగా కనిపిస్తాయి. పక్కన అనుభవమున్న వాళ్ళు చిన్న చిన్న పారాచూట్లతో గద్దల్లాగా వాలుతుంటే మనం గాలిపటంలా ఊగుతూ దిగడం నామోషీగా ఉంటుంది. సైకిలు నేర్చుకున్న మర్నాడే బుల్లెట్టు మీద మనసుపడడం లాంటిదన్నమాట.

ఇంతకీ రిగ్గు అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. వీపున తగిలించుకునే ఆ సంచిలో రెండు పారాచూట్లుంటాయి, ఒకటి మెయిన్, రెండోది రిజర్వు. మెయిన్ సరిగ్గా తెరుచుకోకపోతే కుడివైపు పిడి లాగితే అది మన భుజాల దగ్గర విడిపోయి వెళ్ళిపోతుంది. ఎడమవైపు పిడి లాగితే రిజర్వు వస్తుంది. ఆ విడిపోయే ఏర్పాటు బిల్ బూత్ అనే ఆయన కనిపెట్టింది. ఒకదాంట్లోంచి ఒకటి దూర్చిన మూడు ఉంగరాలు, అంతే. కింద మనిషి బరువంతా వేలాడుతున్నా చివర్న ఉన్న చిన్న దారం మీద పడేది అందులో అతి కొద్ది భాగం. అందుకే చేత్తో లాగితే విడిపోతుంది. మొదటిసారి దాన్ని విప్పి చూసినప్పుడు, ఇంత తక్కువ లైన్లలో ఇంత మంచి కోడు నేను నా జన్మలో రాయలేననిపించింది :)

అక్కడితో ఆగలేదు. మనం స్పృహ తప్పామనుకోండి, లేదా ఎత్తు చూసుకోవడం మర్చిపోయామనుకోండి. దానికి చిన్న కంప్యూటరు ఉంటుంది. జర్మనీలో తయారైన సైప్రెస్ అనేది 1991లో వచ్చింది. మామూలు జంపర్లకిచ్చే రకం ఏం చేస్తుందంటే, భూమికి సుమారు 225 మీటర్ల ఎత్తుకి వచ్చేసినా మనం ఇంకా సెకనుకి 35 మీటర్లు దాటిన వేగంతో పడుతూనే ఉంటే, రిజర్వు సంచిని మూసి ఉంచిన దారాన్ని తనే కోసేస్తుంది. ఇక రిజర్వుని అమెరికాలో ప్రతి 180 రోజులకోసారి లైసెన్సున్న రిగ్గరు విప్పి, చూసి, మళ్ళీ మడతపెట్టాలి. మనం దూకినా దూకకపోయినా సరే. మన సర్వర్ల బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో ఏడాదికోసారైనా చూసుకునే కంపెనీలెన్నో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇవన్నీ చదివాక ఇంజనీరు బుర్రకి ఏమనిపిస్తుంది? బ్యాకప్ ఉంది, బ్యాకప్‌ని లాగడానికి ఆటోమేషన్ ఉంది, ఇంక భయమేముంది అనిపిస్తుంది. నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. 2023లో అమెరికాలో దాదాపు 36 లక్షల 50 వేల జంపులు జరిగితే చనిపోయినవాళ్ళు 10 మంది. అంకెలు చూస్తే ధైర్యం కూడా వస్తుంది.

కానీ ఏటా వచ్చే ప్రమాదాల నివేదికలు ఓపిగ్గా చదివితే ఒక విషయం మింగుడుపడదు. పారాచూట్ తెరుచుకోకుండా పోయినవాళ్ళ సంగతి అలా ఉంచండి. చక్కగా తెరుచుకున్న, ఏ లోపమూ లేని పారాచూట్ కింద, నేలకి వంద అడుగుల దూరంలో, మలుపు తప్పుగా తిప్పి పోయినవాళ్ళు, కాళ్ళూ నడుములూ విరగ్గొట్టుకున్నవాళ్ళు చాలామంది. అక్కడ రిజర్వు పనికిరాదు. సైప్రెస్ పనికిరాదు. ఆ ఎత్తులో నీ దగ్గరున్న రక్షణ ఒక్కటే, నువ్వు కొనుక్కున్న పారాచూట్ సైజు. తమ్ముడూ, నువ్వు అడగాల్సిన ప్రశ్న మౌంటు గురించి కాదు, దీని గురించి.

లెక్క చాలా తేలిక. మన బరువు, బట్టలు, రిగ్గు, హెల్మెట్ అన్నీ కలిపి పౌండ్లలో తీసుకో. దాన్ని పారాచూట్ వైశాల్యం, అంటే చదరపు అడుగులతో భాగించు. వచ్చిన అంకెని వింగ్ లోడింగ్ అంటారు. మా ఇద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. మనిషి 165 పౌండ్లు, సామాను 25 పౌండ్లు, మొత్తం 190. అద్దెకిచ్చే 230 సైజు మీద 0.83 వస్తుంది. 190 సైజు మీద సరిగ్గా 1.0. వాడు మోజుపడ్డ 150 మీద దాదాపు 1.27.

"అంతేగా, పాయింటు రెండేడేగా" అన్నాడు వాడు. అంతే కాదు. వేగం ఈ అంకె వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 1.0 నుంచి 1.27కి వెళ్తే వేగం సుమారు 13 శాతం ఎక్కువ. నేలని గుద్దితే ఎముకలు భరించాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 27 శాతం ఎక్కువ. ఇది నిటారుగా, ఏ మలుపూ లేకుండా దిగితేనే. మలుపు తిప్పితే కథే మారిపోతుంది. ఒకవైపు తాడు బలంగా లాగినప్పుడు పారాచూట్ పక్కకి వంగుతుంది, మనం ఊయల్లో పిల్లాడిలా బయటికి విసిరేయబడతాం, పారాచూట్ ముక్కు కిందికి పెట్టి డైవు కొడుతుంది. మలుపు ఆపేశాక కూడా వెంటనే తేరుకోదు. తేరుకోవడానికి కొంత ఎత్తు కావాలి. ఆ ఎత్తు లేకపోతే మధ్యలో నేల వస్తుంది. చిన్న పారాచూట్‌కి తాళ్ళు కూడా పొట్టివి, అందుకని అదే వింగ్ లోడింగ్ ఉన్నా పెద్దదానికంటే చిన్నది ఇంకా చురుగ్గా తిరుగుతుంది. చురుకుదనం అనేది మన చేతికి వస్తే వరం, మన భయానికి చిక్కితే శాపం.

మరి ఎంత సైజు? పారాచూట్లు తయారుచేసి, వాటిని నడపడం గురించి పుస్తకం కూడా రాసిన బ్రయన్ జర్మెయిన్ ఒక మోటు లెక్క చెప్పాడు. మొదటి 100 జంపులదాకా 1.0 దాటొద్దు, ఆ తర్వాత ప్రతి 100 జంపులకీ 0.1 చొప్పున పెంచుకోవచ్చు. అది కూడా దాటకూడని గీతేగానీ అందుకోవాల్సిన లక్ష్యం కాదు. బిల్ వాన్ నోవాక్ అనే మరో అనుభవజ్ఞుడు అంకెల జోలికి పోకుండా చిట్టా ఒకటి రాశాడు. చిన్న సైజుకి మారేముందు ఇప్పుడున్న దానిమీద ఇవన్నీ చెయ్యగలగాలి అంటాడు. 50 అడుగుల ఎత్తులో ఎత్తు పోగొట్టుకోకుండా చదునుగా 90 డిగ్రీలు తిరగడం, పక్కగాలిలో దిగడం, అసలు గాలే లేనప్పుడు దిగడం, 10 మీటర్ల వలయంలో ప్రతిసారీ వాలడం, దిగే క్షణంలో కూడా కొంచెం తిరగగలగడం, వెనక రైజర్లతో దిగడం, ఇలాంటివి. నాకు ఈ చిట్టా చాలా నచ్చింది. ఎందుకంటే ఇది యూనిట్ టెస్టు లాంటిది. పాసయ్యావా లేదా అన్నదే ప్రశ్న, నీకెంత ధైర్యముందన్నది కాదు.

ఇక్కడ నా కథ చెప్పాలి.

2019 మొదట్లో నాకు 60 జంపులు. అద్దె పారాచూట్ 210. మా ఇన్‌స్ట్రక్టరు 190 కొనమన్నాడు. అమ్మకానికి దొరికింది 170. ధర తక్కువ, రంగులు బాగున్నాయి, నారింజ నలుపు. "170కీ 190కీ పెద్ద తేడా ఏముంది, ఎలాగూ ఇంకో ఏడాదిలో 170కే వస్తాను కదా, రెండుసార్లు కొనడం దండగ" అని లెక్కేసుకున్నాను. పెరిగే పిల్లాడికి రెండు సైజులు ఎక్కువ చొక్కా కుట్టించే బుద్ధి మనది, ఇక్కడ మాత్రం అది తిరగబడి పనిచేసింది. వింగ్ లోడింగ్ 1.12. వాన్ నోవాక్ చిట్టా అప్పటికే చదివాను. అందులో సగం చెయ్యలేనని కూడా తెలుసు. అయినా కొన్నాను. పైగా సంచి కూడా 170కి సరిపోయే కొలతే. అంటే రేపు బుద్ధొచ్చి పెద్ద పారాచూట్ పెట్టుకుందామన్నా అందులో పట్టదు. చాలామంది ఈ సంగతి కొన్నాక గానీ తెలుసుకోరు. సంచి కొలతే రాబోయే మూడేళ్ళూ నువ్వేం ఎగరాలో నిర్ణయిస్తుంది.

ఇక కెమెరా. పారాచూట్ అసోసియేషన్ వాళ్ళ సలహా స్పష్టంగా ఉంటుంది. కెమెరా పెట్టుకోవాలంటే 'సి' లైసెన్సు, అంటే కనీసం 200 జంపులుండాలి. అందులోనూ ఏ రిగ్గుతో కెమెరా మోస్తావో దాంతో ఈమధ్య కనీసం 50 జంపులు చేసి ఉండాలి. చాలా డ్రాప్‌జోన్లు దీన్ని సలహాగా కాదు, రూలుగానే అమలుచేస్తాయి. మేం వెళ్ళే చోట కూడా అంతే. "గోప్రో అగ్గిపెట్టె అంత ఉంటుంది, 150 గ్రాములు కూడా ఉండదు, దానికి 200 జంపులెందుకు?" అని నేనూ వాదించాను. ఆ రూలు పాతకాలం నాటి బరువైన కెమెరాల కోసం పెట్టిందని నా ఘనమైన అభిప్రాయం.

మే నెలలో ఒక ఆదివారం నేనూ, మా ఆఫీసు మిత్రుడూ కలిసి రెండు గంటల దూరంలో ఉన్న ఇంకో చిన్న డ్రాప్‌జోన్‌కి వెళ్ళాం. అక్కడ నన్నెవరూ ఎరగరు. ఎన్ని జంపులని అడిగితే 210 అని చెప్దామని సిద్ధంగానే వెళ్ళాను. ఎవరూ అడగలేదు. అది వాళ్ళ తప్పని నేననను, అబద్ధం జేబులో పెట్టుకుని వెళ్ళింది నేను. నా 87వ జంపు. ఫ్రీఫాల్ అద్భుతం. పారాచూట్ మెత్తగా తెరుచుకుంది. గాలి నెమ్మదిగా ఉంది. ఏ ఇబ్బందీ లేదు.

150 అడుగుల ఎత్తులో, దిగడానికి తిన్నగా వస్తున్నప్పుడు, నా ఎడమ పక్క మిత్రుడు కూడా దిగుతూ కనిపించాడు. వెనకాల బంగారు రంగు కొండలు. మంచి షాటు. తల అటు తిప్పాను. అంతే. కెమెరా తల మీద ఉన్నప్పుడు తలే ట్రైపాడు. షాటు కుదరాలంటే తల కదలకూడదు. కాబట్టి నేను ఆరు సెకన్లపాటు నా దారి చూడలేదు. తల ఎటు తిరిగితే భుజాలూ, చేతులూ అటే కొంచెం కొంచెం పోతాయి, మనకి తెలియకుండానే. తల మళ్ళీ ముందుకి తిప్పేసరికి ఎదురుగా కంచె. ఎత్తు 60 అడుగులుంటుందేమో. భయంలో కుడి తాడు కిందికంటా లాగాను. రెండు తాళ్ళూ సగం దించి, ఒకటి కొంచెం వదిలి చదునుగా తిరగడం నేర్పారు నాకు. అది నా చేతులకి ఇంకా రాలేదు, బుర్రకి మాత్రమే వచ్చింది. ఆ క్షణంలో బుర్ర అక్కడ లేదు.

కంచె తప్పింది. నేల తప్పలేదు. కుడి చీలమండ దగ్గర రెండు ఎముకలు, ఒక ప్లేటు, ఆరు మరలు. నాలుగు నెలలు.

అదే 190 సైజు పారాచూట్ అయ్యుంటే? అదే తప్పు చేస్తే బహుశా కాలు బెణికేది, లేదా బట్టలు మట్టి కొట్టుకునేవి. పెద్ద పారాచూట్ అంటే అదే. అది మనల్ని తప్పు చెయ్యనివ్వకుండా ఆపదు, చేసిన తప్పుకి తక్కువ వసూలు చేస్తుంది. కొత్తలో తప్పులు చెయ్యక తప్పదు కాబట్టి, తక్కువ వసూలు చేసేదాన్నే కొనుక్కోవాలి.

ఆసుపత్రిలో అందరికీ ఒకటే చెప్పాను. "ఒక్కసారిగా గాలి తెర వచ్చింది, ఏం చెయ్యలేకపోయాను" అని. మా ఆవిడకీ అదే చెప్పాను. అమ్మకైతే అసలు దూకుతున్నట్టే తెలియదు కాబట్టి మెట్ల మీద జారానని చెప్పాను. ఇంటికొచ్చాక కెమెరాలో కార్డు తీసి చూశాను. ఎక్కడా గాలి తెర లేదు. పక్కనున్న గాలి సంచి నీరసంగా వేలాడుతోంది. తల తిరగడం, ఆరు సెకన్లు, కంచె, తాడు, నేల. చివరి 11 సెకన్లలో అన్నీ వరసగా ఉన్నాయి, లాగ్ ఫైల్లో ఉన్నట్టు. నేను ఏం చేశానో చూడగలిగింది, ఏం చెయ్యలేదో చెప్పగలిగింది ఆ కెమెరా ఒక్కటే.

నేనేం చేశానో తెలుసా? ఆ 11 సెకన్లు కత్తిరించేసి, మిగతాది పాట పెట్టి అందరికీ పంపించాను. అప్పుడు మా తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. ఆ వీడియోని వాడి హాస్టల్లో అందరికీ చూపించాడట. "మా అన్నయ్య" అని. 2021లో ఎమ్మెస్‌కి వచ్చిన రోజునుంచీ వాడి కోరిక ఒక్కటే. ఇదన్నమాట నేను మొదట్లో చెప్పిన అబద్ధం.

కెమెరా బరువు 150 గ్రాములే కావచ్చు. అది మన ధ్యాసలోంచి ఎంత తీసుకుంటుందో ఏ త్రాసూ చెప్పదు. 1988 ఏప్రిల్‌లో నార్త్ కరొలినాలో ఒకాయన, 800 పైచిలుకు జంపుల అనుభవమున్న మనిషి, ఒక విద్యార్థినీ ఇన్‌స్ట్రక్టర్నీ వీడియో తియ్యడానికి విమానంలోంచి దూకాడు. ఆ రోజుల్లో రికార్డరు విడిగా సంచిలో మొయ్యాల్సొచ్చేది. కెమెరా ఉంది, రికార్డరు ఉంది, అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి. పారాచూట్ ఒక్కటి లేదు. తగిలించుకోవడం మర్చిపోయాడు. వీపు మీద ఆ సామాను బరువు తెలుస్తూ ఉండడంతో పారాచూట్ ఉందనే అనుకుని ఉంటాడని తర్వాత అనుకున్నారు. ఈ సంగతి విన్న ప్రతివాడూ మొదట నవ్వబోతాడు. తర్వాత నవ్వు ఆగిపోతుంది. 800 జంపులు చేసినాయన మతిలోంచి పారాచూట్‌నే తోసెయ్యగలిగింది కెమెరా పని. 87 జంపుల వాడి మతిలోంచి కంచెని తోసెయ్యడం దానికొక లెక్కా?

అన్నట్టు, ఆ మూడు ఉంగరాల బిల్ బూత్ పేరు మీదే ఈ ఆటలో ఒక సూత్రం చలామణీలో ఉంది. పరికరాలు ఎంత భద్రంగా తయారైతే, మనుషులు అంత ఎక్కువ సాహసాలకి దిగి, చావుల లెక్క మళ్ళీ అక్కడికే తెస్తారని దాని సారాంశం. నిజానికి లెక్క అక్కడే ఆగిపోలేదు, దశాబ్దాలుగా తగ్గుతూనే వచ్చింది. కానీ నా మటుకు నాకు ఆ సూత్రం అక్షరాలా వర్తించింది. సైప్రెస్ ఉంది కదా అనే ధీమాతోనే నేను 170 కొన్నాను. సైప్రెస్‌కీ నా చీలమండకీ ఏ సంబంధమూ లేదు.

సరే, సోది ఆపి వాడికి చెప్పిన విషయాలు వరసగా రాస్తాను.

ముందుగా, తొందరపడి కొనకు. ఇంకో 30, 40 జంపులు అద్దె రిగ్గుతోనే చెయ్యి. అద్దె దండగ కాదు, అది ట్యూషన్ ఫీజు. మధ్యలో సైజు ఒక్కొక్క మెట్టే దిగు, 230, 210, 190. పారాచూట్ నడపడం మీద ప్రత్యేకంగా ఒక రోజు కోర్సులుంటాయి, వాటిల్లో ఒకటి చెయ్యి. కెమెరాకి పెట్టే డబ్బు దానికి పెట్టు.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది రంగు కాదు, హార్నెస్సు నీ ఒంటికి సరిపోయిందా లేదా. వదులుగా ఉంటే వేలాడుతున్నప్పుడు పిడులు ఉండాల్సిన చోట ఉండవు. తర్వాత సంచిలో ఏ ఏ సైజులు పడతాయో అడుగు. పైసైజు కూడా పడితేనే తీసుకో.

మెయిన్ ఎవరైనా చూస్తారు, రిజర్వు సైజు ఎవరూ చూడరు. స్పృహలేని స్థితిలో సైప్రెస్ నీ రిజర్వు తెరిస్తే, నిన్ను దించేవాడెవడూ ఉండడు, అదే దించుతుంది. అలాంటప్పుడు బుల్లి రిజర్వు కింద దిగడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకో. పైగా అమెరికాలో రిజర్వుకీ హార్నెస్సుకీ ప్రభుత్వ ప్రమాణాలున్నాయి గానీ, నీ అనుభవానికి ఎంత సైజు మెయిన్ తగునో చెప్పే చట్టమేదీ లేదు. ఆ చట్టం నువ్వే రాసుకోవాలి.

పాత సామాను డబ్బు చేతులు మారకముందే నీకు తెలిసిన రిగ్గరు చూడాలి, అమ్మేవాడి రిగ్గరు కాదు. గుడ్డలోంచి గాలి ఎంత కారుతోంది, తాళ్ళు కొలతలో ఉన్నాయా సాగిపోయాయా, ఆ మోడలు మీద తయారీదారు హెచ్చరికలేమైనా ఉన్నాయా, సైప్రెస్ గడువు ఇంకెంతుంది, ఇవన్నీ. గడువు అయిపోవచ్చిన సైప్రెస్ ఉన్న రిగ్గు చవక కాదు, కొత్తది కొనాలంటే వెయ్యి డాలర్ల పైమాటే. రకం విషయానికొస్తే, ముందుగా దీర్ఘచతురస్రాకారానికి దగ్గరగా ఉండే నెమ్మదైనదే తీసుకో, అంచులు కోసుగా ఉండే ఎలిప్టికల్ జోలికి పోకు. ఇంకో సంగతి, గాలి చొరబడని కొత్త గుడ్డ తెగ జారిపోతుంది. మడతపెట్టడమంటే పెళ్ళిపట్టు చీరని అగ్గిపెట్టెలో దూర్చినట్టే, అలవాటయ్యేదాకా ఓపిక పట్టు.

ఇక కెమెరా. 200 జంపులు దాటాక. అప్పుడు కూడా ముందు చూడాల్సింది బొమ్మ నాణ్యత కాదు, తాళ్ళు దేనికైనా తగులుకుంటాయా అన్నది. కొమ్ములాగా పైకి పొడుచుకొచ్చే మౌంటు వద్దు. హెల్మెట్‌కి అతుక్కుని, కింద సందు లేకుండా ఉండాలి, ఉన్న సందుల్ని టేపుతో మూసెయ్యాలి. ఒకవేళ తాడు చిక్కుకుంటే ఒక్క చేత్తో హెల్మెట్ గానీ కెమెరా గానీ ఊడొచ్చే ఏర్పాటు ఉండాలి, దాన్ని నేలమీదే గ్లౌజులు వేసుకుని పదిసార్లు ప్రాక్టీసు చెయ్యి. చేతికీ, ఛాతీకీ, కాలికీ కట్టుకోకు. చేతులు పిడుల దగ్గరికి పోవాలి, ఛాతీ దగ్గర పిడులున్నాయి, కాళ్ళకి తాళ్ళు చుట్టుకోవచ్చు. చెవిలో మోగే ఆల్టీమీటరు పెట్టుకో, ఎందుకంటే షాటు మీద ధ్యాస ఉన్నవాడు మణికట్టు చూడడు.

విమానంలో ముగ్గురు పిడుల తనిఖీ చేసేదాకా కెమెరా ముట్టుకోకు. వేసుకునేముందు, విమానం ఎక్కేముందు, దూకేముందు, మూడుసార్లు రిగ్గు చూసుకోవాలి. ఆ మూడూ అయ్యాకే రికార్డింగ్ బటను. వెలగకపోతే వదిలెయ్యి, వీడియో లేకుండా దూకినవాడెవడూ చావలేదు. పారాచూట్ తెరుచుకున్నాక కెమెరా లేదనుకో. అది ఏం తీస్తే అదే షాటు. చివరి వెయ్యి అడుగులు నేలవి, గాలివి, పక్కవాళ్ళవి. నీ ప్రేక్షకులవి కావు.

ఇప్పుడు నాకు 312 జంపులు. కాలు బాగయ్యాక 210తో మళ్ళీ మొదలెట్టాను, 170ని సంచితో సహా నష్టానికి అమ్మేశాను. కొనడానికి వచ్చినాయనకి ఎన్ని జంపులో, ఎంత బరువో అడిగి మరీ అమ్మాను. ఇప్పుడు ఎగిరేది 190. దాంతో సంతోషంగా ఉన్నాను. కెమెరా 230 దాటాక మళ్ళీ పెట్టుకున్నాను, వారానికి ఒకటి రెండు జంపుల్లో మాత్రమే.

ఆ శనివారం ఫోన్లో ఇదంతా చెప్తే వాడు "సరేలే అన్నయ్యా, నీకేదో గాలి తెర వచ్చింది కాబట్టి భయపడుతున్నావు" అన్నాడు. అక్కడ నాకు మాట రాలేదు. ఫోను పెట్టేసి, పాత హార్డ్ డిస్కు వెతికి, కత్తిరించని వీడియో వాడికి పంపించాను. చివరి 11 సెకన్లతో సహా.

గంట తర్వాత మళ్ళీ ఫోను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అన్నయ్యా, గాలి లేదుగా" అన్నాడు.

"లేదురా" అన్నాను.

"150 ఆయనకి వద్దని చెప్పేశాను. వచ్చే నెల కోర్సులో పేరిచ్చాను." మళ్ళీ కాసేపు ఆగి, "పెద్దమ్మకి తెలుసా?" అన్నాడు.

తెలియదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అనే మనిషి ఆవిడ. ఇంతకాలం ఆవిడ భయపడుతుందని చెప్పలేదనుకునేవాణ్ణి. నిజానికి నేను భయపడి చెప్పలేదు. ఈ ఆదివారం ఫోను చేసి చెప్పాలి. మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి.